హాలు పాపం, తెర సువార్త

బాహుదా నది గజపతి జిల్లా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి తొంగిచూసి, మళ్ళీ ఒడిశాలోకి మళ్ళి సోనేపూర్ దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ తీరాన వేటకు వెళ్ళే కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. పెళ్ళి సంబంధాలకూ చేపల బేరానికీ సినిమాకూ ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు తిరగడం అక్కడ మామూలే. కొత్త తెలుగు బొమ్మ విడుదలైతే శ్రీకాకుళంతో పాటు బరంపురంలోనూ పోస్టర్లు పడతాయి.

2006 జూన్‌లో మాత్రం ఒక బొమ్మకు ఆ సరిహద్దు అడ్డం పడింది. డాన్ బ్రౌన్ నవల ఆధారంగా రాన్ హోవార్డ్ తీసిన ‘ది డావిన్సీ కోడ్’ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. యేసుకు మగ్దలేనే మరియతో పెళ్ళయిందనీ, వారి సంతతి ఇంకా ఉందనీ ఆ కథలోని ఊహ. నాగాలాండ్, గోవా, పంజాబ్, తమిళనాడు కూడా అదే దారి పట్టాయి. ఆ జాబితాలో ఒడిశా పేరు లేదు. అంటే ఇచ్ఛాపురంలో ఆడకూడని బొమ్మను బరంపురంలో ఆడించవద్దన్న ఉత్తర్వేదీ లేదు.

అప్పటికే కేంద్ర సెన్సార్ బోర్డు ఆ చిత్రాన్ని చూసింది, పెద్దలకు మాత్రమేనని ‘ఏ’ ముద్ర వేసింది, ఇది కల్పిత కథ అన్న ప్రకటన తెరమీద చూపాలని షరతు పెట్టింది. కేంద్ర సమాచార శాఖ మంత్రి ప్రియరంజన్ దాస్‌మున్షీ క్రైస్తవ ప్రతినిధులను వెంటబెట్టుకుని మరీ చూశారు. అయినా ఊరేగింపులూ వినతిపత్రాలూ ఆగలేదు. అఖిల భారత స్థాయి క్రైస్తవ సంఘమొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. ఆంధ్రలో పంపిణీదారులైన లక్ష్మీ గణేశ్ ఫిలింస్ వారు హైకోర్టుకెక్కారు. న్యాయమూర్తి గోడా రఘురాం నిషేధాన్ని కొట్టేశారు. తమిళనాడు నిషేధం కూడా మద్రాసు హైకోర్టులో నిలవలేదు.

ఆ గొడవలో ఒక విశేషం ఎవరి కంటా పెద్దగా పడలేదు. ఊరేగింపులు తీసినవాళ్ళలో ఒక్కరూ ‘ఏ’ ముద్ర చాలదనో ఎక్కువైందనో అనలేదు. వారికి ఆ అక్షరంతో పనే లేదు. అది వారి నిర్లక్ష్యం కూడా కాదు. తెలుగు తీరంలో క్రైస్తవులకూ సినిమాకూ మధ్య వందేళ్ళుగా సాగిన తగవులో సర్టిఫికెట్టు అక్షరం ఎన్నడూ తీర్పరి కాలేదు. తగవు బొమ్మలో ఏముందన్నదాని గురించి తక్కువ, బొమ్మ ఎక్కడ ఆడుతోంది, పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ వేళకు ఇల్లు చేరుతున్నారు అన్నదాని గురించి ఎక్కువ.

ముందొచ్చింది క్రీస్తు బొమ్మే

దక్షిణ దేశానికి సినిమాను మోసుకొచ్చిన తొలి మనుషుల్లో ఒకరు క్రైస్తవుడు. తిరుచ్చి రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసే స్వామికన్ను విన్సెంట్ 1905లో డ్యూపాంట్ అనే ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరునూ కొన్ని చిన్న చిత్రాలనూ కొన్నాడు. వాటిలో యేసు జీవితం ఒకటి. ఉద్యోగం వదిలి, డేరా కట్టి, ఊరూరా ఆ బొమ్మ వేసుకుంటూ తిరిగాడు. తరవాత కోయంబత్తూరులో వెరైటీ హాల్ కట్టాడు.

మరో అయిదారేళ్ళకు బొంబాయి గిర్‌గాంలోని అమెరికా-ఇండియా పిక్చర్ ప్యాలెస్‌లో దాదాసాహెబ్ ఫాల్కే క్రీస్తు జీవిత చిత్రం చూశాడు. తెరమీద క్రీస్తు కదులుతుంటే తన కళ్ళకు కృష్ణుడూ రాముడూ కనిపించారని ఆయన తరవాత రాసుకున్నాడు. ఆ ఊహలోంచి పుట్టిన ‘రాజా హరిశ్చంద్ర’ 1913లో విడుదలైంది. మన పౌరాణిక చిత్రాల వంశవృక్షాన్ని వేళ్ళ దాకా తవ్వుకుంటూ పోతే ఒక క్రీస్తు బొమ్మ తగులుతుంది.

తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే 1913లో లండన్‌లో బ్రిటిష్ సెన్సార్ బోర్డు పని మొదలుపెట్టింది. దానికి మొదట్లో ఉన్న నియమాలు రెండే: నగ్నత్వం చూపకూడదు, క్రీస్తును మనిషి రూపంలో చూపకూడదు. తమ దేశంలో తెరకెక్కకూడదని ఏలినవారు అనుకున్న రూపం, వారేలే దేశంలో డేరాల్లో కిరసనాయిలు వాసన మధ్య ఆడుతోంది.

తెలుగు పల్లెలకు సినిమాకన్నా ముందే మిషనరీల మ్యాజిక్ లాంతరు వచ్చింది. గాజు పలకల మీద రంగుల బొమ్మలు, వెనక దీపం, ఎదుట తెల్లగుడ్డ. తప్పిపోయిన కుమారుడి కథో, మంచి సమరయుని కథో ఒక్కో పలక మారుస్తూ ఉపదేశి చెప్పేవాడు. తోలుబొమ్మలాట చూసి పెరిగిన జనానికి దీపం వెనకాల ఉండి బొమ్మ ముందు పడటం వింతేమీ కాదు. వింతల్లా దొర చెప్పించే కథ. చీకటి పడ్డాక గుడ్డ మీద బొమ్మ చూడటాన్ని ఈ తీరపు తొలి క్రైస్తవులు పాపమనుకోలేదు. వారికి సువార్త అందిన దారుల్లో అదీ ఒకటి.

బరంపురం సంఘం, రంగూన్ ఓడ

గంజాం క్రైస్తవ చరిత్రలో మొదటి పేజీయే తెలుగువాడితో మొదలవుతుంది. ఒరిస్సాకు వచ్చిన ఇంగ్లండు బాప్టిస్టు మిషనరీలకు ఐదేళ్ళు గడిచినా ఒక్కరూ దక్కలేదు. 1827 క్రిస్మస్ నాడు బరంపురంలో విలియం బాంప్టన్ చేతిమీదుగా తొలి బాప్తిస్మం పొందిన మనిషిని వారి రికార్డులు ‘ఎరన్’ అని రాశాయి. అతను ఒడియావాడు కాదు, తెలుగువాడు. తెలుగు క్రైస్తవ కీర్తనలకు ఆద్యుల్లో ఒకరైన చౌధరి పురుషోత్తం (1803–1890) కూడా ఈ ఉత్తర సరిహద్దు సీమ బిడ్డే. మన రాగాలనూ తాళాలనూ ఆయన మందిరంలోకి నిస్సంకోచంగా తీసుకొచ్చాడు. భజనగోష్ఠికి వాడే బాణీ ప్రభువు పాటకు పనికిరాదని ఆయన అనుకోలేదు.

తరవాతి కాలంలో పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట వైపు కెనడియన్ బాప్టిస్టులు బడులూ ఆసుపత్రులూ పెట్టారు. సూరడ వైపు కొండల్లో కేథలిక్ గురువులు విచారణలు, అంటే పారిష్‌లు, కట్టారు. బరంపురం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం అప్పుడు ఒకే మద్రాసు రాజధానిలో ఉండేవి. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూన్‌లలో సెన్సార్ బోర్డులు ఏర్పడినప్పుడు గంజాం వాటా మద్రాసుకు పడింది. అయితే గంజాం కూలీకి రంగూన్ కూడా పరాయి ఊరు కాదు. గోపాలపురం రేవులో ఓడెక్కి బర్మా వెళ్ళి, మూటతో పాటు అక్కడి కబుర్లూ మోసుకొచ్చినవాళ్ళు ఇక్కడ కొల్లలు. ఒక బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్టు మిగతా రాష్ట్రాల్లోనూ చెల్లేది. కాని స్థానిక ప్రభుత్వానికి గాని జిల్లా మేజిస్ట్రేటుకు గాని నచ్చకపోతే తమ పరిధిలో ఆటను ఆపగలిగేవారు. 2006లో ఆంధ్ర ప్రభుత్వం తీసిన ఆయుధానికి తొలి పదును అక్కడ పెట్టిందే.

ఆ రోజుల్లో బోర్డు తేల్చేది ఒక్కటే: బొమ్మ జనానికి చూపదగ్గదా, కాదా. పిల్లలకొకటి, పెద్దలకొకటి అన్న విభజన లేదు. పైగా దొరల గుబులు వేరు. తెల్లదొరసానులు తెరమీద ముద్దులు పెట్టుకోవడం చూసి నల్లవాళ్ళకు తమపై గౌరవం పోతుందని వారి బెంగ. ఇంగ్లండులో సంస్కర్తలూ మిషన్ల పెద్దలూ ఇదే పాట పాడారు. ఆ ఒత్తిడితోనే 1927లో మద్రాసు న్యాయవాది టి. రంగాచారి అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. 353 మంది సాక్షులను విచారించాక ఆ సంఘం తేల్చిందేమంటే, సినిమావల్ల దేశం చెడిపోతోందన్న గగ్గోలుకు ఆధారం చాలదని.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది. అదే ఏడాది జూన్ 29న రోమ్‌లో పదకొండవ పయస్ పోపు సినిమాల మీద ఒక లేఖ విడుదల చేశారు. ప్రతి దేశంలోనూ పీఠాధిపతులు సినిమాలను తూచి విశ్వాసులకు జాబితాలు ఇవ్వాలని అందులో కోరారు. దానికి నమూనా అమెరికా. అక్కడ హాలీవుడ్ నియమావళిని 1930లో రాసినవారిలో డేనియల్ లార్డ్ అనే జెస్విట్ గురువున్నారు. 1934 నాటికి లక్షలాది కేథలిక్కులు గుడిలో లేచి నిలబడి చెడ్డ బొమ్మలు చూడబోమని ప్రమాణం చేశారు. ‘లీజియన్ ఆఫ్ డీసెన్సీ’ బొమ్మలకు ఏ, బీ, సీ అని అక్షరాలు పంచేది. ‘సీ’ పడిందంటే కేథలిక్కులకు అది నిషిద్ధం. ప్రభుత్వం అక్షరాలు వేయడం కన్నా చాలా ముందే గుడి వేసిన అక్షరాలివి.

నేల టిక్కెట్టు మీద తగవు

తెలుగు పల్లెలో ఆ పద్ధతి నాటుకోలేదు. కారణం అర్థం చేసుకోవాలంటే డేరా సినిమా ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. ఊరి చివర పొలంలో కాన్వాసు గుడారం. ముందు భాగంలో ఇసుక మీద నేల, వెనక బెంచీ, ఇంకా వెనక కుర్చీ. ఆడవాళ్ళకు ఒకపక్క, మగవాళ్ళకు ఒకపక్క తడిక. మొదటి ఆట చీకటి పడ్డాక, రెండో ఆట వదిలేసరికి అర్ధరాత్రి దాటేది. బయట సోడాబండి, చుట్టల పొగ, కొంచెం అవతల కల్లుపాక. ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు లాంతర్లూ, ఈలలూ, కొట్లాటలూ.

సంఘ కాపరి కన్ను పడింది ఈ మొత్తం వాతావరణం మీద. అతనికి శనివారం రెండో ఆట అంటే ఆదివారం ఉదయం ఖాళీ చాపలు. నేల టిక్కెట్టు అణాలంటే కానుక పెట్టెలో పడని అణాలు. తాగుడు మాన్పించి, పిల్లల్ని బడికి పంపించి, అప్పుల్లోంచి లాగిన కుటుంబం మళ్ళీ కల్లుపాక పక్కన నిలబడటం. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవారు. వారికి మందిరం ఇచ్చిన మర్యాద చేతిలో పుస్తకంగానూ ఒంటిమీద ఉతికిన బట్టగానూ కనిపించేది. ఆ మర్యాదకు హాలు ఎసరు పెడుతుందని పెద్దల భయం.

మరోవైపు నుంచి చూస్తే కథ తిరగబడుతుంది. ఊళ్ళో రచ్చబండ దగ్గర, గుడి దగ్గర, హోటల్లో ఎవరెక్కడ కూర్చోవాలో కులం చెప్పే రోజుల్లో, డేరాలో టిక్కెట్టు చెప్పేది. డబ్బుంటే బెంచీ, లేకపోతే నేల. వాడలోని కుర్రాడికి హాలు ఎందుకంత ఇష్టమో కాపరికి తెలియకపోవచ్చు, కుర్రాడికి బాగా తెలుసు.

అభ్యంతరం అందరిలో ఒకేలా లేదు. పాత మిషన్ సంఘాల్లో, అంటే బాప్టిస్టు, లూథరన్ మందిరాల్లో, ఉపాధ్యాయులూ గుమాస్తాలూ మంచి బొమ్మ వస్తే కుటుంబంతో వెళ్ళేవారు, కాకపోతే కాపరి ఎదురుపడకుండా చూసుకునేవారు. కేథలిక్ విచారణల్లో గురువు ఫలానా బొమ్మ వద్దనేవారు తప్ప సినిమానే వద్దనేవారు కాదు. గోదావరి డెల్టా నుంచి వ్యాపించిన బ్రదరన్ సంఘాలు, పెంతెకొస్తు సంఘాలు, 1941లో మద్రాసులో మొదలై 1950లో హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా విస్తరించిన బక్త్‌సింగ్ సహవాసాలు మాత్రం గీత గీశాయి. సినిమా లోకం, విశ్వాసి లోకస్థుడు కాడు. వారి నోట ఎక్కువగా వినిపించే మాట ‘నేత్రాశ’. కన్ను కోరేదంతా మనిషిని ఎటు లాగుతుందో హెచ్చరించే మాట అది.

ఈ సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక వరస ఉంది. రక్షణ పొందకముందు నేను సిగరెట్లు తాగేవాణ్ణి, పేకాడేవాణ్ణి, సినిమాలు చూసేవాణ్ణి అని మొదలవుతుంది. ఏ సినిమాలు అని ఎవరూ అడగరు. ‘లవకుశ’ చూసినా, క్లబ్బు డాన్సుల బొమ్మ చూసినా సాక్ష్యంలో రెండూ ఒకటే. తాగినది ఏ బ్రాండు సిగరెట్టని ఎవరైనా అడుగుతారా?

ఇంతకూ హాలు వద్దన్న సంఘమే డేరాకు పోటీగా మరో డేరా వేసింది. బక్త్‌సింగ్ పరిశుద్ధ కూటాలకు వేలమంది పందిళ్ళ కింద రోజుల తరబడి కలిసి ఉండి, కలిసి తిని, కలిసి పాడేవారు. పల్లెల్లో ఉజ్జీవ కూటాలకు పెట్రోమాక్సు లైట్లు, డోలక్, లౌడ్‌స్పీకరు. రాత్రి పూట ఊరి చివర వెలుగు, జనం, పాట కోరుకునే మనిషికి సంఘం ప్రత్యామ్నాయం చూపించింది.

యూ అక్షరంలోనే ఉంది చిక్కు

1949లో చట్టం సవరించి మొదటిసారి రెండు అక్షరాలు తెచ్చారు. అందరికీ ‘యూ’, పెద్దలకు ‘ఏ’. 1951లో ప్రాంతీయ బోర్డుల స్థానంలో ఒకే కేంద్ర బోర్డు వచ్చింది, మరుసటి ఏడు ఇప్పటి చట్టం. ఆ 1952లోనే అమెరికా సుప్రీంకోర్టు రొసెల్లినీ తీసిన ‘ది మిరకిల్’ కేసులో, దైవదూషణ అన్న కారణంతో సినిమాను ఆపకూడదని తీర్పు చెప్పింది. న్యూయార్కు కార్డినల్ స్పెల్మన్ ఆ బొమ్మ మీద యుద్ధమే ప్రకటించి ఉన్నారు. 1968లో హాలీవుడ్ పాత నియమావళిని పక్కనబెట్టి జీ, ఎం, ఆర్, ఎక్స్ అనే వయసు అక్షరాలకు మారింది. మన దేశంలో కె.ఎ. అబ్బాస్ తన డాక్యుమెంటరీ కోసం సెన్సార్‌నే సవాలు చేస్తే 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ధర్మాసనం సెన్సార్ ఉండొచ్చంది, వయసును బట్టి విడదీయడమూ సబబేనంది. 1983లో పెద్దల తోడుతో చూడదగ్గ ‘యూఏ’ వచ్చింది. సెన్సార్ బోర్డు కాస్తా పేరు మార్చుకుని ధ్రువీకరణ బోర్డయింది.

ఈ అక్షరాలేవీ తెలుగు మందిరాల్లో ప్రసంగానికి ఎక్కకపోవడానికి కారణం ఒకటుంది. ‘ఏ’ బొమ్మలకు వెళ్ళకూడదని చెప్పడానికి కాపరి అక్కర్లేదు, ఊరే చెప్పేది. వారిని నొప్పించినవన్నీ ఇంటిల్లిపాదీ చూడొచ్చని ‘యూ’ ముద్ర పడ్డ బొమ్మల్లోనే ఉండేవి.

డెబ్బైలు, ఎనభైల తెలుగు సినిమాలో క్రైస్తవులు ఎక్కడ కనిపించేవారో తలచుకుంటే చాలు. విలన్ స్థావరంలో పొట్టి గౌను తొడుక్కుని గ్లాసు అందించే అమ్మాయి పేరు రోజీయో లిల్లీయో. తాగి తూలే ముసలివాడు రాబర్టు. మంచివాడైతే తెల్ల అంగీ వేసుకున్న ఫాదర్, రెండు సీన్లలో దీవించి వెళ్ళిపోతాడు. వాడలో మట్టి పని చేసుకుని ఆదివారం బైబిలు పట్టుకుని మందిరానికి వెళ్ళే సువార్తమ్మ గాని ఏసుదాసు గాని తెరమీద కనబడరు. ఏ కత్తెరా దీన్ని పట్టుకోదు. ఇందులో బూతు లేదు, రక్తం లేదు.

గౌరవంగా చూపిన బొమ్మలూ లేకపోలేదు. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మిస్సమ్మ’లో సావిత్రి పాత్ర పేరు మేరీ. ఉద్యోగం కోసం ఒక హిందూ యువకుడికి భార్యగా నటించాల్సి వచ్చిన క్రైస్తవ పిల్ల. ఆమె అభిమానాన్నీ ఇబ్బందినీ ఆ చిత్రం ఎక్కడా ఎగతాళి చేయదు. అయితే ఆఖరికి ఆమె చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలాకే పెళ్ళికి దారి సుగమమవుతుంది. 1981లో భారతీరాజా ‘సీతాకోకచిలుక’ ఆ సౌకర్యాన్ని తీసుకోలేదు. బ్రాహ్మణ కుర్రాడు జంధ్యాన్నీ, క్రైస్తవ పిల్ల సిలువనూ తీసేసి నడిచి వెళ్ళిపోతారు. రెండు వైపుల పెద్దలకూ మింగుడుపడని ముగింపు అది. ఇలాంటి ముగింపు పిల్లలు చూడొచ్చా లేదా అన్నది ఏ అక్షరమూ చెప్పలేదు, అక్షరాలు ఆ పని కోసం పుట్టినవి కావు.

తెల్లగుడ్డ మళ్ళీ వచ్చింది

1978 డిసెంబరులో ‘కరుణామయుడు’ విడుదలైంది. టంగుటూరి ప్రకాశం పంతులు మనవడు విజయచందర్ అందులో క్రీస్తు. దర్శకుడు ఎ. భీంసింగ్ ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశాడు. పనిని గట్టెక్కించినవారిలో ఫ్రాన్సిస్కన్ గురువు క్రిస్టఫర్ కొయెల్యో ఉన్నారు. మాటలు మోదుకూరి జాన్సన్‌వి. నలభై ఏళ్ళ కిందట పోపు లేఖ గురువులను బొమ్మలు తూచమంది, ఇప్పుడు ఒక గురువు బొమ్మ తీయడానికి కూర్చున్నారు.

హాలు మెట్టు ఎక్కనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళకు ఇది పరీక్ష. పాత మిషన్ సంఘాలూ కేథలిక్కులూ పిల్లాజెల్లాతో బండ్లు కట్టుకుని పట్నాలకు కదిలారు. హాలుకు దూరంగా ఉండిపోయినవారిని ఆ బొమ్మే వెతుక్కుంటూ వచ్చింది. సువార్త బృందాలు పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, జనరేటరు, తెల్లగుడ్డ వేసుకుని ఊరూరా తిరిగాయి. హిందీలో ‘దయాసాగర్’ పేరుతో, ఇంకా ఎన్నో భాషల డబ్బింగులతో అది తెలుగు నేల దాటిపోయింది. క్యాంపస్ క్రూసేడ్ వారు 1979లో తెచ్చిన ‘జీసస్’ చిత్రానికి తెలుగు గొంతులు పెట్టి అదే తరహాలో చూపించారు. ‘జీసస్’ ఎండిన పాలస్తీనా నేలమీద లూకా సువార్తను వెంబడించి తీసింది. ‘కరుణామయుడు’ పౌరాణికాల కంటికి అలవాటైన రంగులతో, పాటలతో, కంటతడితో తీసింది. పల్లెలో రెండో దానికే కన్నీళ్ళు ఎక్కువ కారాయి.

స్వామికన్ను విన్సెంట్ డేరా డెబ్బై ఏళ్ళు తిరిగి తిరిగి మందిరం ముంగిట్లోకే వచ్చి ఆగినట్టయింది. అదే చీకటి, అదే గుడ్డ, అదే ప్రొజెక్టరు చప్పుడు. కాకపోతే టిక్కెట్టు లేదు, కల్లుపాక లేదు, ముందొక ప్రార్థన, వెనకొక ప్రసంగం. సినిమా చూడటం పాపమని సాక్ష్యం చెప్పిన మనిషే ఆ రాత్రి గుడ్డకు గుంజ పాతాడు. అతనికి అందులో వైరుధ్యమేమీ కనబడలేదు. అతను విడిచిపెట్టింది హాలును, తెరను కాదు.

‘కరుణామయుడు’ వేసిన బాటలో ఇంకా కొన్ని వచ్చాయి. 1980లో బాపు ‘రాజాధిరాజు’ తీశాడు, అందులో నూతన్‌ప్రసాద్ సైతాను. 1987లో విజయచందర్ మళ్ళీ క్రీస్తుగా ‘దయామయుడు’. 2004లో కృష్ణ క్రీస్తు వేషం కట్టిన ‘శాంతి సందేశం’. మధ్యలో 1986లో విజయచందర్ షిర్డీ సాయిబాబాగా కూడా నటించాడు. క్రీస్తుగా కొలిచిన ముఖమే బాబాగా కనబడినా తెలుగు ప్రేక్షకుడు తికమక పడలేదు. రాముడినీ కృష్ణుడినీ ఒకే నటుడిలో చూసిన అలవాటు అతనిది.

2004లోనే మెల్ గిబ్సన్ ‘ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్’ వచ్చింది. కొరడా దెబ్బలూ నెత్తురూ చూసి అమెరికా బోర్డు దానికి ‘ఆర్’ వేసింది. ‘ఆర్’ బొమ్మలు చూడొద్దని ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన పాస్టర్లే బస్సులు మాట్లాడి సంఘాలను ఆ బొమ్మకు తీసుకెళ్ళారు. రెండేళ్ళకు అదే బోర్డు ‘ది డావిన్సీ కోడ్’కు ‘పీజీ-13’ ఇచ్చింది. నెత్తురెంత, ఒళ్ళెంత అని అక్షరం తూచగలదు. విశ్వాసికి ఏ బొమ్మ దగ్గర గుండె తరుక్కుపోతుందో, ఏ బొమ్మ దగ్గర మండిపోతుందో దాని తక్కెడలో లేదు. మన బోర్డు డావిన్సీ కోడ్‌కు ‘ఏ’ వేసినా గొడవ చల్లారకపోవడం అందుకే.

హాలు చేతిలోకి వచ్చాక

నడింట్లోకి టీవీ రావడంతో పాత కొలత సడలింది. హాలుకు వెళ్ళనన్న విశ్వాసి ఆదివారం సాయంత్రం దూరదర్శన్ సినిమా ముందు కూర్చుంటే తప్పా? గడప దాటలేదు, టిక్కెట్టు కొనలేదు, పక్కన ఉన్నది సొంత పిల్లలే. కొన్ని సంఘాలు టీవీని కూడా లోకమే అన్నాయి. ఎక్కువ సంఘాలు మెల్లగా మాట్లాడటం మానేశాయి. కేబుల్‌తో పాటు ఇరవై నాలుగు గంటల క్రైస్తవ చానెళ్ళు కూడా వచ్చాక టీవీని తిట్టడం కుదరలేదు. ప్రసంగం వినడానికీ సీరియల్ చూడటానికీ రిమోట్ మీద ఒక్క మీట తేడా.

ఇప్పుడు ఫోను. సోనేపూర్ తీరాన ఉన్నా, బరంపురంలో ఉన్నా, వలస వెళ్ళి చెన్నై హార్బరులో ఉన్నా హాలు జేబులోనే ఉంది. చీకటి అక్కర్లేదు, పక్కన ఎవరూ ఉండరు, రెండో ఆట ఎప్పుడు వదులుతుందో ఇంట్లోవాళ్ళకు తెలియదు. కాపరి గుర్తుపట్టి మందలించడానికి ఊరి చివర గుడారం లేదు. అందుకే ఇన్నాళ్ళకు లోపలి సరుకు గురించిన ప్రశ్న తెలుగు క్రైస్తవ ఇళ్ళలోకి వచ్చింది. ఇందులో ఏముంది, ఏ వయసువాడు చూడొచ్చు, ఎవరు చెప్పాలి.

సరిగ్గా ఈ వేళకే ప్రభుత్వం అక్షరాలకు అంకెలు జోడించింది. 2021 ఫిబ్రవరి నిబంధనల ప్రకారం ఇంటర్నెట్ వేదికలు తమ సినిమాలకూ సిరీస్‌లకూ యూ, యూఏ 7+, 13+, 16+, ఏ అని ముద్ర వేసుకోవాలి, 13+ నుంచి తల్లిదండ్రులు తాళం వేసుకునే వీలు కల్పించాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించి హాళ్ళలో ఆడే బొమ్మలకూ అవే అంకెలు తెచ్చారు. ఏడా, పదమూడా, పదహారా అన్నది బోర్డు చెబుతుంది, ఆ పిల్లకు చూపించాలా వద్దా అన్న నిర్ణయం తల్లిదండ్రులకు వదిలేస్తుంది. ఒకప్పుడు మొత్తం సంఘం తరఫున కాపరి మోసిన బరువు ఇప్పుడు వేటనుంచి అలసి వచ్చిన తండ్రి మీద పడింది. ఆ తాళం ఎక్కడుంటుందో అతనికన్నా కొడుక్కే బాగా తెలుసు.

‘కరుణామయుడు’ ఇవాళ యూట్యూబులో దొరుకుతుంది. గుడ్డ కట్టే పని లేదు, జనరేటరు వెతకనక్కర్లేదు. క్రిస్మస్ రోజుల్లో ఇంటిల్లిపాదీ ఫోను చుట్టూ చేరి చూస్తారు. పల్లెలో గుడ్డ మీద ఆడినప్పుడు బొమ్మ అయిపోగానే పెట్రోమాక్సు వెలిగేది, ఎవరో ఒకరు లేచి ప్రార్థన మొదలుపెట్టేవారు. ఇక్కడ బొమ్మ అయిపోగానే ఐదు అంకెలు లెక్కపెట్టి, ఎవరూ అడగకుండానే, తరవాతి వీడియో మొదలవుతుంది.